అక్క సైకిల్ సీటు ఎత్తు

శనివారం మధ్యాహ్నం నందిగామలో సైకిల్ షాపు ముందు ఉన్నవాళ్లు: అక్క, బావ, అమ్మ, నేను, షాపు యజమాని. ఉన్న వస్తువులు: అక్క స్కూలు బ్యాగు, అందులో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, అమ్మ తెచ్చిన మంచినీళ్ల సీసా, బావ నెత్తి మీద ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన టోపీ, నా జేబులో మూడు మీటర్ల టేపు, నా ఫోన్లో ఒక జాబితా. ఇంకా గోడకి ఆనుకునీ, కొక్కేలకి వేలాడుతూ, ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని చువ్వల్లో ఇరుక్కునీ ఒక ముప్పై సైకిళ్లు. సైకిల్ కావలసింది అక్కకి. ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను. ఆ మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దున దాకా అది ఎవరికీ గుర్తున్నట్టు నాకు కనపడలేదు.

అక్క నందిగామ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఉండేది మాత్రం జగ్గయ్యపేటలో. బావ పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ అటువైపు. అమ్మా నేనూ ఉండేది కూడా అక్కడే, వాళ్లకి రెండు వీధుల అవతల. అక్క రోజూ బస్సులో వెళ్తుంది. బస్సుతో గొడవ లేదు. అది ఆవిణ్ణి నందిగామ బైపాస్ మీద దింపేసి తన దారిన విజయవాడ పోతుంది. గొడవంతా బైపాస్ నుంచి స్కూలు దాకా ఉన్న రెండున్నర కిలోమీటర్లతో. అక్కడ ఆటో ఉంటుంది. ఆటో నిండితే గాని కదలదు. నిండడమంటే వెనక నలుగురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు, ఆ తర్వాత ఇంకొకరు. తొమ్మిదింటి లోపల స్కూలు ఆవరణలో నిలబడి ఫోన్‌కి ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. తొమ్మిది దాటాక చూపిస్తే అదే ముఖానికి ఆలస్యం అని పడుతుంది. అక్కకి అప్పటికే ఒక మెమో వచ్చింది. ఇంకొకటి వస్తే ఇంక్రిమెంటు ఆపమని పైకి రాయాల్సి వస్తుందని హెడ్మాస్టరు గారు చెప్పారు. "రాయకపోతే ఆ మెమో నాకొస్తుందమ్మా" అని కూడా అన్నారట. మంచాయనే.

మిగతా దారులన్నీ ముందే ఆలోచించాం. స్కూటీ: మార్కెట్ యార్డులో నేర్చుకుంటూ అక్క గేటుని గుద్దింది. మణికట్టుకి కట్టు కట్టారు. అప్పట్నుంచి యాక్సిలరేటర్ ఉన్న దేన్నీ ముట్టుకోదు. నడక: ఆ ఎండలో ఆ బ్యాగుతో నడిస్తే మొదటి పీరియడుకే గొంతు ఉండదు. బావ దింపడం: బావ షిఫ్టు వారానికో రకంగా మారుతుంది. మిగిలింది సైకిల్. అక్క ఇంటర్ దాకా సైకిల్ మీదే వెళ్లింది. బైపాస్ పక్కన జిరాక్స్ షాపు ఆవిడ కూతురు అక్క క్లాసులోనే చదువుతోంది. "రాత్రికి సైకిల్ లోపల పెట్టుకోండి మేడం, మా షట్టర్ ఉందిగా" అందావిడ. అంటే అన్నీ తేలిపోయాయి. ఇక కొనడమే.

కొనడానికి ముందు నేను రెండు సాయంత్రాలు కూర్చుని జాబితా రాశాను. యంత్రాల బొమ్మలు గీసే ఉద్యోగం నాది. కొలతలు లేకుండా ఏదీ మొదలుపెట్టలేను. చీరతో ఎక్కాలి కాబట్టి ముందు రాడ్డు కిందికి వంగి ఉండాలి. గేర్లు వద్దు, ఎందుకంటే ఆ రోడ్డులో ఎక్కాల్సిన ఎత్తేమీ లేదు. పైగా గేర్లుంటే చైనుకి నిండు కవరు పట్టదు, కవరు లేకపోతే చీర కుచ్చిళ్లు చైన్లోకి పోతాయి. వెనక చక్రానికి కొంగు పడకుండా జాలీ, పేపర్లకి ముందు బుట్ట, వర్షానికి పొడుగు మడ్‌గార్డులు, ముందో లైటు, వెనక ఎర్ర లైటు, తాళం, గంట, హెల్మెట్ కావాలి. చివరిది సీటు ఎత్తు. కాలి లోపలి పొడవు కొలిచి, దాన్ని బట్టి పెడల్ ఇరుసు నుంచి సీటుకి ఎంత దూరం ఉండాలో లెక్క కట్టాలి. అక్కకి కట్టాను. ఇరుసు ఎత్తు కూడా కలిపితే నేల నుంచి ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది.

షాపు యజమాని నన్ను పైనుంచి కిందికి చూసి, "జిమ్ముకా సార్, రోడ్డుకా?" అన్నాడు.

"మా అక్కకండి. రోజూ స్కూలుకి వెళ్లడానికి."

"ఓ, మేడం గారికా." అక్కకి ఒక నమస్కారం పెట్టి మళ్లీ నా వైపు తిరిగాడు. "అయితే ఇది చూడండి సార్. ఇరవై ఒక్క గేర్లు. ముందూ వెనకా డిస్కు బ్రేకు. ఇప్పుడంతా ఇదే తీసుకెళ్తున్నారు."

నల్లటి సైకిల్. టైర్లు మోటార్ సైకిల్ టైర్లంత లావు. నేను జాబితా చదవడం మొదలుపెట్టేలోపు బావ దాని మీద కూర్చున్నాడు.

"బామ్మర్దీ, ఏనుగెక్కినట్టుంది రా."

"బావా, గేర్లు వద్దు. చైను కవరు పట్టదు."

"గేర్లు లేకుండా తొక్కడానికి ఇదేమన్నా ముసల్దా?"

"ఎవరు ముసలి?" అంది అక్క.

"నిన్ను కాదే తల్లీ, సైకిల్‌ని."

ఒక రౌండు వేసొస్తానని బావ సెంటర్ వైపు వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు హ్యాండిల్‌కి కాగితం పొట్లం వేలాడుతోంది. మిరపకాయ బజ్జీలు. "బ్రేకులు బాగున్నాయి, బజ్జీల బండి ముందు సరిగ్గా ఆగింది" అన్నాడు.

ఈలోగా అమ్మ తన పరీక్ష తను చేస్తోంది. ప్రతి సైకిల్ క్యారేజీ మీదా రెండు చేతులు పెట్టి బరువంతా వేసి నొక్కుతోంది.

"ఇది బియ్యం బస్తా ఆపుతుందాండి?"

"క్వింటా వేసుకోండమ్మా, నాదీ పూచీ."

"అమ్మా, అక్క బియ్యం బస్తాతో స్కూలుకి వెళ్లదు."

"ఎప్పుడైనా అవసరం పడదా ఏంటి? నువ్వు మరీ లెక్కలు కట్టకు."

ఆడవాళ్ల సైకిళ్లు అని షాపాయన చూపించినవన్నీ గులాబీ రంగువే. రాడ్డు మీద సీతాకోకచిలుకల స్టిక్కర్లు, హ్యాండిల్ చివర కుచ్చులు. అక్క ఒక్కసారి చూసి, "నాకొద్దు. మా తొమ్మిదో తరగతి పిల్లలందరివీ ఇవే. స్టాండులో పెడితే నాదేదో నాకే తెలీదు" అంది. ఆ మధ్యాహ్నం నేను విన్న మొదటి పనికొచ్చే మాట అదే.

నా జాబితాకి సరిపోయే సైకిల్ వెనక మూల పైకప్పు కొక్కేనికి వేలాడుతూ ఉంది. ముదురాకుపచ్చ. వంగిన రాడ్డు, నిండు కవరు, జాలీ, పొడుగు మడ్‌గార్డులు. దాని మీద ఎంత దుమ్ముందంటే షాపాయన వేలితో తుడిచి రంగు చూపించాల్సి వచ్చింది.

"అది పాత మోడల్ సార్. ఎవరూ అడగట్లేదు."

"నేను అడుగుతున్నా కదండీ" అంది అక్క.

దించారు. తుడిచారు. నేను టేపు తీసి కొలిచాను. అన్నీ సరిపోయాయి. "ఎక్కి చూడక్కా" అన్నాను. అమ్మ చప్పున నా చెయ్యి పట్టుకుంది. "నడి రోడ్డు మీద, ఇంతమంది చూస్తుంటే, చీరతోనా? ఇంటి దగ్గర ఎక్కి చూస్తుందిలే."

"రోజూ ఎక్కేది నడి రోడ్డు మీదే కదమ్మా, చీరతోనే."

"అది వేరు. కొనేటప్పుడు వేరు."

ఏం వేరో ఇప్పటికీ నాకు తెలీదు. చివరికి బావ ఒకసారి, నేను ఒకసారి, షాపాయన ఒకసారి తొక్కి చూసి, మగవాళ్లం ముగ్గురం సైకిల్ బాగుందని తీర్మానించాం. అక్క బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

మిగతా సామాను దగ్గర ఇంకో పంచాయితీ. గంట అడిగితే షాపాయన ఎర్ర డబ్బా హారన్ ఒకటి తీశాడు, ఎనిమిది రకాల మోతలు మోగుతుందన్నాడు. బావ ఎనిమిదీ మోగించాడు. "మామూలు గంట ఇవ్వండి" అన్నాను. "ఇందులో గంట కూడా ఉంది సార్, నాలుగోది" అన్నాడాయన. హెల్మెట్ దగ్గర బావ ఏకంగా నవ్వాడు. "సైకిల్‌కి హెల్మెట్టా? నేను బండికే పెట్టుకోను." అదేదో తన గొప్పతనం అయినట్టు. అక్క మాత్రం హెల్మెట్ తీసుకుని, ముడి విప్పి జడ వేసుకుని, పెట్టి చూసుకుంది. "మంచిదే. నూనె రాసిన తల, దుమ్ము పడదు" అంది. భద్రత గురించి నేను చెప్పబోయిన నాలుగు ముక్కలూ అవసరం లేకుండా పోయాయి.

ఇక జిరాక్స్ షాపులో పెట్టేసి ఇంటికి పోదామంటే అమ్మ ఆగింది. "ప్రార్థన చేయించకుండా ఎలా పెడతారు?"

మా ఇంట్లో చక్రాలున్నది ఏది కొన్నా, ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట నిలబెడతాం. పాస్టరు గారు హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. బావ బండికీ చేశారు, చిన్నాన్న ట్రాక్టరుకీ చేశారు. అది నాకు తెలుసు. కానీ ఈ సైకిల్ బతుకంతా నందిగామలో, చర్చి జగ్గయ్యపేటలో.

"ఇక్కడ చర్చిలు లేవా అమ్మా?"

"మన పాస్టరు గారు ఉండగా వేరే చోటికి ఎందుకు?"

"అయితే ఆయన్నే ఒకసారి ఇటు రమ్మందాం."

"సైకిల్ కోసం ఆయన్ని నందిగామ రమ్మంటావా? సిగ్గుండాలి."

"పోనీ ఫోన్లో వీడియో పెట్టి..."

అమ్మ నన్ను చూసిన చూపుకి ఆ వాక్యం అక్కడే వదిలేశాను. అక్క వైపు తిరిగాను, నా పక్షం మాట్లాడుతుందేమోనని. "సోమవారం పొద్దున నేను బస్సు దిగేసరికి ఇక్కడ ఉంటే చాలు. మధ్యలో ఎలా తిప్పుకుంటారో మీ ఇష్టం" అంది.

బస్సు కండక్టరు సైకిల్‌ని చూసి తలుపు కూడా తియ్యలేదు. ట్రాలీ ఆటో ఒక్కటే దొరికింది, దాని నిండా మేకలు. "మధ్యలో ఇరికిస్తా సార్, ఏం కాదు" అన్నాడు డ్రైవరు. ఒక మేక అప్పటికే బుట్టని వాసన చూస్తోంది. అంతమందిలో తొక్కగలిగేదీ, ఆ పూట పని లేనిదీ నేనొక్కణ్ణే అని తేల్చారు. షాపాయన దగ్గర స్పానర్ తీసుకుని సీటు నా ఎత్తుకి, రాడ్డు మీద ఆఖరి గీత దాకా లేపి, గట్టిగా బిగించుకున్నాను. వాళ్లు ముగ్గురూ బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ నన్ను దాటి వెళ్లారు. బావ చేతిలో ఇంకా బజ్జీల పొట్లం ఉంది.

హైవే గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. లారీలు గాలితో పక్కకి తోస్తుంటే తెల్ల గీతకి అవతలే తొక్కుకుంటూ వచ్చాను. విసుగు పుట్టించింది లారీలు కాదు, జనం దయ. మన వైపు పాతికేళ్లవాడు సైకిల్ తొక్కుతుంటే వాడికేదో కష్టం వచ్చిందని అర్థం. మొదట ఆగినాయన, "బండి ఏమైంది తమ్ముడూ?" అన్నాడు. బండి లేదండి, సైకిలే అన్నాను. "అయ్యో" అని వెళ్లిపోయాడు. రెండో ఆయన తన బండి మీద కూర్చునే కాలు చాపి నా క్యారేజీకి ఆనించి తొయ్యడం మొదలుపెట్టాడు. వద్దండీ అంటే, "మొహమాటపడకు" అని ఇంకా గట్టిగా తోశాడు. చిల్లకల్లులో టీ తాగడానికి ఆగితే పక్క బల్ల మీద లారీ డ్రైవరు, "ఏడికి పోతున్నవ్ తమ్మీ?" అన్నాడు. జగ్గయ్యపేట అన్నాను. "షుగరా?" అన్నాడు. కాదన్నాను. "మరి?" అన్నాడు. చర్చికి అన్నాను. ఆయన టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఆదివారం చర్చికి కూడా నన్నే తొక్కుకు రమ్మన్నారు. సీటు నా ఎత్తులోనే ఉంది. పాస్టరు గారు వాకిట్లో నిలబడి ఉండగా నేను చెమటలు కక్కుతూ సైకిల్ మీద వచ్చి ఆయన ఎదురుగానే దిగాను. ఆరాధన అయ్యాక అందరం చుట్టూ నిలబడ్డాం. అక్క హ్యాండిల్‌కి ఆ పక్క, నేను ఈ పక్క. ఆయన ఒక చెయ్యి హ్యాండిల్ మీద పెట్టారు. రెండో చెయ్యి నా తల మీద పెట్టారు.

"ప్రభువా, ఈ తమ్ముడికి ఇచ్చిన ఈ వాహనాన్ని బట్టి నీకు వందనాలు. ఇతడు ఉద్యోగానికి వెళ్లే ప్రతి దారిలో..."

ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. నేను ఒక కన్ను తెరిచి అమ్మని చూశాను. అమ్మ గట్టిగా కళ్లు మూసుకుని ప్రతి మాటకీ ఆమెన్ అంటోంది. నా ఉద్యోగం ఇంట్లో కుర్చీలో. కుర్చీకి అయిదు చక్రాలున్న మాట నిజమే. నా చేతులు, నా కాళ్లు, నా రాకపోకలు, రాబోయే నా పెళ్లి, అన్నీ అయ్యాయి. అక్క పేరు రాలేదు. కళ్లు తెరిచాక బావ అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"పాస్టరు గారితో చెప్పి ఇంకోసారి..." అన్నాను అక్కతో.

"వదిలెయ్ రా. సైకిల్ ఎవరిదో దేవుడికి తెలీదా?"

ఇంటికెళ్లాకైనా అక్క ఎక్కి చూస్తుందనుకున్నాను. కొత్త సైకిల్ వచ్చిందని చిన్నాన్నవాళ్లు భోజనానికి దిగారు. అక్క మా వంటింట్లో అమ్మతో పాటు కోడి కూర దగ్గర ఉంది. చిన్నాన్న వీధి చివరిదాకా తొక్కాడు, బావ మళ్లీ తొక్కాడు, పక్కింటాయన లుంగీ పైకి కట్టి తొక్కి, "సీటు కాస్త ఎత్తయింది" అని అభిప్రాయం చెప్పాడు. అందరికీ వడ్డించి, తను తిని, గిన్నెలు సర్ది అక్క బయటికి వచ్చేసరికి శనివారం ఎంత వెతికినా దొరకని ఖాళీ ట్రాలీ వాకిట్లో నిలబడి ఉంది. బావ స్నేహితుడిది. కోళ్ల దాణా తేవడానికి నందిగామ వెళ్తోంది, ఇప్పుడు ఎక్కించకపోతే మళ్లీ లేదు. సైకిల్ ఎక్కింది. నేనూ ఎక్కాను. జిరాక్స్ షాపులో పెట్టించి తిరిగి వచ్చాను.

సోమవారం అక్కతో పాటు నేనూ బస్సెక్కాను, స్పానరు, టేపు పట్టుకుని. టోల్‌గేటు దగ్గర బస్సు చాలాసేపు నిలిచిపోయింది. బైపాస్ మీద దిగేసరికి అక్క చేతి గడియారం వంకే చూస్తోంది. నడిచి వెళ్లే టైము లేదు. ఆటో ఒకటి ముక్కాలు నిండి నిలబడి ఉంది. జిరాక్స్ ఆవిడ షట్టర్ ఎత్తింది. నేను సీటు నా ఎత్తు నుంచి లెక్క ప్రకారం ఎనభై ఎనిమిదికి దించి, టేపుతో రెండుసార్లు చూసి బిగించాను. అక్క బ్యాగు బుట్టలో పెట్టి, హెల్మెట్ పెట్టుకుని, కుచ్చిళ్లు దోపుకుని, మొదటిసారి ఆ సైకిల్ ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఒక పక్కకి ఒరిగింది. కాలి మునివేళ్లు మాత్రమే నేలకి తగులుతున్నాయి. షాపు మెట్టు మీద కాలు పెట్టి ఆపుకుంది.

"దించు."

"అక్కా, ఇదే సరైన ఎత్తు. ఇంకా దించితే కాలు పూర్తిగా చాపలేవు, మోకాళ్ల మీద..."

"ఒరేయ్, ఆ మలుపు దగ్గర ఆటోలు అడ్డమొస్తే నేను రెండు కాళ్లూ నేల మీద పెట్టి నిలబడాలి. నేలే అందకపోతే ఎక్కడ పెట్టను?"

"బ్రేకు వేసి, సీటు మీంచి ముందుకి జరిగి దిగాలి."

"చీరతో? ముందుకి జరిగి?"

"రెండు రోజుల్లో అలవాటవుతుంది."

"నాకు తొమ్మిదింటికల్లా అలవాటవ్వాలి రా."

నా చేతిలోంచి స్పానర్ లాక్కుని తనే వదులు చేసింది. సీటు మీద రెండు చేతులతో నొక్కింది. ఎక్కి కూర్చుంది. ఇంకా నొక్కింది. మళ్లీ కూర్చుంది. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాక, "ఊ, ఇక్కడ బిగించు" అంది. అది సీటు దిగగలిగిన ఆఖరి చోటు. మోకాళ్లు బుట్ట ఎత్తుకి వచ్చాయి. చూడ్డానికే నాకు బాధగా ఉంది. అయినా బిగించాను.

ఆటో డ్రైవరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "మేడం, ఒక్కరు తక్కువ. మీరెక్కితే బయల్దేరదీస్తా."

"ఆ ఒక్కరూ వీడు. ఎక్కించుకో" అని అక్క పెడల్ తొక్కింది.

మొదట్లో రెండుసార్లు హ్యాండిల్ ఊగింది. తర్వాత ఊగలేదు. నేను ఆటోలో డ్రైవరు ఎడమ పక్క, సగం బయటికి వేలాడుతూ చూస్తున్నాను. మలుపు దగ్గర ఇసుక ట్రాక్టరు ఒకటి అడ్డంగా తిరిగింది, దాని వెనక రెండు ఆటోలు దూరాయి. అక్క ఆగింది. రెండు పాదాలూ నేల మీద పెట్టి, నిటారుగా, క్లాసులో పిల్లలు నోరు మూసుకునే దాకా నిలబడినట్టు నిలబడింది. దారి రాగానే వెళ్లిపోయింది. మా ఆటో ఆ మలుపులోనే ఆగింది. చెయ్యెత్తిన ఒకాయన్ని ఎక్కించుకోవడానికి. చోటు లేదంటే ఆయన ఊరుకోలేదు. "సర్దుకోండి, సర్దుకోండి" అన్నాడు డ్రైవరు. సర్దుకుంటూ ఉండగా నా ఫోన్ మోగింది. అక్క నుంచి ఒక్క మాట: "పడింది."

హాజరే పడిందని నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. గడియారం చూశాను. ఇంకా తొమ్మిది కాలేదు.

నేను స్కూలు గేటు దగ్గర దిగేసరికి లోపల ప్రార్థన గంట అయిపోయింది. మాస్టర్ల బండ్ల మధ్య ఆకుపచ్చ సైకిల్ తాళం వేసి ఉంది. ఆ ఎత్తు తప్పు. రోజూ రానూపోనూ అలా మోకాళ్లు ముడిచి తొక్కితే నొప్పులు రావడం ఖాయం. ఈ మాట సాయంత్రం చెప్పాను, ఆ తర్వాతా చెప్పాను, ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. "నాకు నొప్పి వచ్చినప్పుడు నీకు ఫోన్ చేస్తాలే" అంటుంది. ఇంతవరకూ చెయ్యలేదు.

ఆ పొద్దున మాత్రం చెప్పడానికి ఎవరూ లేరు. ఎలాగూ తెచ్చాను కదా అని టేపు తీసి, వంగి, నేల నుంచి సీటు పై అంచు దాకా కొలిచాను. వాచ్‌మన్ దగ్గరికి వచ్చాడు.

"ఏం కొలుస్తున్నారు సార్?"

"సీటండి."

"ఎంతుంది?"

"డెబ్భై అయిదు సెంటీమీటర్లు."